ఒక్క కేసు

“కలరా ఎక్కడుందమ్మా మీ పేటలో?” ఫైలు మూస్తూ అడిగాడు అధికారి.

“లేదండీ.”

“ఎన్నాళ్ళ నుంచి లేదు?”

“రెండేళ్ళ నాలుగు నెలలు.” గొప్పగా చెప్పుకోవలసిన మాట తప్పు ఒప్పుకున్నట్టుగా వచ్చింది ఆమె నోట.

“మరి లేని రోగానికి నిధులేమిటి?”

“మేం పని చేయబట్టే లేదండీ. వారం వారం నలభై ఇళ్ళ కుళాయి నీళ్ళు పరీక్ష చేస్తున్నాం. పైపు ఎక్కడ పగిలి మురుగు కలుస్తోందో జనం జబ్బు పడకముందే పట్టుకుంటున్నాం. ఇప్పుడు ఆపేస్తే, వానలు మొదలయ్యాక...”

“నాకు అర్థమైందమ్మా. కమిటీకి అర్థం కావాలిగా! యువ పరిశోధకుల నిధిని ఈ ఏడు సగానికి కోసేశారు. కేసులున్న చోటికే ఇమ్మని పైనుంచి మాట. కాలువ అవతలి పేటలో పన్నెండుమంది మంచాన పడ్డారు. నిధులు అటే పోతాయి.” తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు. “శనివారం ఫైలు పైకి వెళ్తుంది. ఈలోగా మీ పేటలో ఒక్క కేసు చూపించు. మిగతాది నేను చూసుకుంటా.”

ఆమె మెట్లు దిగి వచ్చేసింది. వచ్చే ఏడు ముప్ఫై అయిదు దాటితే యువ పరిశోధకుల జాబితాలో ఆమెకు చోటుండదు. ఈ పని చేపట్టేందుకు వెనక ఇంకెవరూ లేరు. ఈ వానల్లో ఏ వీధి పైపులు పగులుతాయో ఆమె నోట్‌బుక్‌లో రాసుంది. చదివేవాళ్ళుండరు, అంతే.

పేటలో అందరూ ఆమెను సీసాలమ్మ అంటారు. మూడేళ్ళ క్రితం సీసాల సంచితో మొదటిసారి వచ్చినప్పుడు మొహం మీదే తలుపులు వేశారు. ఆరోగ్య కేంద్రం నర్సక్క వెంట నడిచి, “మన పిల్లేలే, నీళ్ళు పట్టుకోనివ్వండి” అని ఇల్లిల్లూ తెరిపించింది. నర్సక్క ఒక్కగానొక్క కూతురు తొమ్మిదేళ్ళప్పుడు కలరాతో పోయిందట. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు.

అధికారి మాటలు విని నర్సక్క సూదుల డబ్బా మూత పెట్టి, “ఒక్క కేసేగా, రాసేద్దాం” అంది.

“ఏమిటక్కా?”

“రిజిస్టర్లో ఒక లైను. ఎవరొచ్చి చూస్తారు?”

“అబద్ధం రాస్తే ఈ మూడేళ్ళ లెక్కలన్నీ అబద్ధాలైపోతాయి. ఇంకెప్పుడూ నా మాట ఎవరూ నమ్మరు. నేను రాయను.”

“మరి వీళ్ళ గతేంటే?” నర్సక్క డబ్బాను పక్కకి నెట్టింది. “నువ్వు వెళ్ళిపోతావు. నేను మళ్ళీ ఆ పిల్లల్ని చేతుల్లో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాలా? నావల్ల కాదు.”

“నాకు మాత్రం తెలీదా! కానీ నిజం కేసుంటేనే రాయగలను.”

“నిజం కేసైతే రాస్తావా?”

“రాస్తాను.”

మరుసటి రోజు నుంచి సీసాలమ్మ కాలు ఒక చోట నిలవలేదు. చుట్టుపక్కల క్లినిక్‌లన్నీ తిరిగింది. “మా పేటవాళ్ళెవరికైనా కలరా వచ్చిందా?” అని అడగడం, లేదన్నప్పుడల్లా ఉసూరుమనడం, ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోవడం. బుధవారం ఒక తల్లి విరేచనాలతో నీరసించిన పిల్లాడిని ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకొచ్చింది. సీసాలమ్మ గుండె ఆశతో కొట్టుకుంది. పచ్చి కాయలు తిన్నాడట. తన మీద తనకే అసహ్యం వేసి ఆమె పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది.

గురువారం పొద్దున నర్సక్క ఫోను చేసింది.

“మన పేట కేసు దొరికింది. పెద్దాసుపత్రి నుంచి శాంపిల్ నీ ల్యాబుకి పంపిస్తున్నారు.”

“ఎవరక్కా?”

“శాంపిల్ మీద నంబరే ఉంటుందిగా, పేరెందుకు? ముందు పరీక్ష చెయ్యి.”

“నీ గొంతేంటి అలా పీలగా ఉంది?”

“తిరిగి తిరిగి ఎండిపోయిందిలే.”

శుక్రవారం సాయంత్రానికి ఫలితం తేలింది. అనుమానం లేదు, కలరాయే. ఆమె అదే పరీక్ష మళ్ళీ మొదటినుంచి చేసింది. అదే ఫలితం.

శనివారం ఉదయం అధికారి నివేదిక చదివి, సంతకం పెట్టి, ఫైలు తనే పట్టుకుని పైఅంతస్తుకు వెళ్ళాడు. గంటకు దిగివచ్చి, “ఇంకో మూడేళ్ళు. వెళ్ళి పని చూసుకో” అన్నాడు. ఆమె పెదాల మీదికి నవ్వు వచ్చింది. ఆ నంబరు వెనక ఒక మనిషి ఉన్నారని గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

నలభై కుళాయిలూ శుభ్రంగా ఉన్నాయి. మరి జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? తను పట్టుకోలేకపోయిన పైపు ఏదో ఉంది. అది కనుక్కోకపోతే రేపు ఇంకో పదిమంది పడిపోతారు. పెద్దాసుపత్రికి పరుగున వెళ్ళి, నంబరు చెప్పి రోగి ఎక్కడని అడిగింది. కిటికీ పక్క మంచం చూపించారు.

మంచం మీద నర్సక్క ఉంది. రెండు చేతులకూ సెలైను. కళ్ళు లోపలికి పోయి, బుగ్గలు పీక్కుపోయి, సగం మనిషి అయిపోయింది.

“అక్కా! నువ్వా?” సీసాలమ్మ మంచం పక్కన కూలబడిపోయింది. “నాకెందుకు చెప్పలేదు?”

“గండం గడిచిందన్నారులే. ఫైలు ఏమైంది?”

“ఫైలు సంగతి తర్వాత. నీళ్ళెక్కడ తాగావు? ఏ ఇంట్లో? చెప్పక్కా, ఇవాళే ఆ కుళాయి మూయిస్తాను. ఇంకెవరూ తాగకూడదు.”

“మన కుళాయిలన్నీ మంచివేనే. ఎవరికీ ఏమీ కాదు.”

“మరి?”

నర్సక్క సెలైను సూది ఉన్న చేత్తోనే ఆమె తల నిమిరింది.

“అవతలి పేటకు వెళ్ళి తాగొచ్చానే, తెలిసే.”