ట్యూబ్‌లైట్ తాతగారు

“మాస్టారూ, మళ్ళీ ఒక్కసారి చెప్పరూ?”

బోర్డు పక్కన గోడవారగా వేసిన బెంచీలోంచి ఆ గొంతు వినగానే క్లాసంతా ముసిముసిగా నవ్వింది.

ఇనుప సామాన్ల కొట్లో బిల్లులు రాసే అమ్మాయి మాత్రం నవ్వలేదు. పళ్ళు నూరింది.

టైర్ల షాపు మీది గదిలో సాయంత్రం పూట జరిగే అకౌంట్స్ క్లాసు అది. పరీక్ష నెగ్గితే కొట్లో లెక్కలు చూసే ఉద్యోగం ఆమెదేనని యజమాని మాటిచ్చాడు. తప్పితే ఆ కుర్చీ కోసం ఆయన అల్లుడి తమ్ముడు కాచుకుని ఉన్నాడు.

ఈ ముసలాయనేమో క్లాసును ముందుకు కదలనివ్వడు.

“గల్లాపెట్టెలోకి డబ్బొస్తే డెబిట్ అంటారేమిటండీ? బ్యాంకువాడు నా డబ్బు పోయినప్పుడు కదా డెబిట్ అంటాడు!”

“ట్యూబ్‌లైట్!” అంది అమ్మాయి, పక్కనున్న స్నేహితురాలి చెవిలో. ఆ పేరు పెట్టింది కూడా ఆమే.

మాస్టారు కుర్రవాడు. రైలుబండిలా చెప్పుకుపోయే మనిషి. అయినా విసుక్కోకుండా ఆగాడు.

“బ్యాంకువాడు తన వైపు లెక్క చెబుతాడండీ. మీరు దాచుకున్నది వాడికి అప్పు. మీకు తిరిగిస్తే వాడి అప్పు తగ్గింది, అందుకని డెబిట్. గల్లాపెట్టె మన ఆస్తి. అది పెరిగినా డెబిట్టే.”

“మళ్ళీ మొదటికొచ్చాం” అని గొణుక్కుంటూనే ఆమె ఆ మాటల్ని పొల్లుపోకుండా రాసుకుంది.

మర్నాడు మరొకటి.

“తన కొట్లో డబ్బు తానే ఇంటికి తీసుకెళ్తే రాయడమెందుకండీ? ఎవడబ్బ సొమ్మని?”

“కొట్టు వేరు, యజమాని వేరు” అంటూ మాస్టారు బోర్డు తుడిచి మొదలుపెట్టాడు.

క్లాసయ్యాక ఆమె మెట్ల దగ్గర ముసలాయనకు అడ్డం నిలబడింది.

“తాతగారూ, మీ పుణ్యమా అని మేమీ పరీక్ష వచ్చే జన్మలో రాస్తాం.”

“అయ్యో, అంత ఇబ్బంది పెడుతున్నానా తల్లీ?”

“మాకిది బతుకుతెరువు. మీకేమో కాలక్షేపం. బుర్రకెక్కనప్పుడు ఇంటిపట్టున కృష్ణా రామా అనుకోకూడదూ?”

ఆయన చెప్పులు వేసుకుని, “బాగా చదువుకో అమ్మా” అని దిగిపోయాడు.

తెలివి ఇచ్చిన భగవంతుడు దానితోపాటు కాస్త దయ కూడా కలిపి పంపితే ఏం పోయేదో! ఆయన్ని అడగడానికి మనమెవరం?

మర్నాటి నుంచి ముసలాయన రాలేదు.

“పీడ విరగడైంది” అంది అమ్మాయి.

పాఠాలు పరుగెత్తాయి. ఓ సాయంత్రం తరుగుదల వచ్చింది.

“కొన్న యంత్రం ఏటేటా అరుగుతుంది. ఆ అరుగుదలను ఖర్చు కింద రాయాలి. అర్థమైందా?”

అందరూ తలలూపారు. ఆమెకు మింగుడుపడలేదు. ఎవరికీ పైసా ఇవ్వనేలేదే, ఖర్చెలా అయింది?

చెయ్యి భుజందాకా లేచింది. ఇన్నాళ్ళూ ఇంకొకరిని చూసి వెక్కిరించిన నోటితో ఎలా అడగడం? లేచిన చెయ్యి జుట్టు సర్దుకుని దిగిపోయింది.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. ఆమె తరుగుదలను యంత్రం విలువలోంచి తీసేసింది గానీ ఖర్చుల్లో రాయలేదు. ఎన్నిసార్లు కూడినా రెండు వైపులా కలవలేదు. దాని వెంటపడి మిగతావి వదిలేసింది.

అల్లుడి తమ్ముడు కాలు మీద కాలేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె మళ్ళీ మెట్లెక్కి మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

“ఇంకోసారి చేరతానండీ.”

“చేరమ్మా.”

“ఆ ట్యూబ్‌లైట్ తాతగారు కూడా వస్తారా? వస్తే రానివ్వండి పాపం. ఆయనుంటే మీ వేగానికి కనీసం ఊపిరి పీల్చుకునే వీలుండేది.”

“రమ్మని ఇంటికెళ్ళి బతిమాలాను. రానన్నారు.”

“పోనీలెండి, ఆయనకెలాగూ ఎక్కవు.”

మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టాడు.

“నాకు లెక్కలు నేర్పింది ఆయనేనమ్మా, నేను తొందరపడతానని, మీరు అడగడానికి సిగ్గుపడతారని, మీలో ఎవరి ముఖం తెల్లబోతే వాళ్ళ సందేహాన్ని తనదిగా అడగడానికే వచ్చి కూర్చునేవారు.”