వన్స్‌మోర్

పద్యనాటకాలకు యాభై ఏళ్లు బాణీలు కట్టిన రాజారత్నం, జనం వన్స్‌మోర్ అంటే ఏనాడూ కాదనలేదు. ఆ కేక విని పదేళ్లయింది.

“మీరు తప్ప లోపలెవరూ లేరండీ మాస్టారూ, పొద్దున్నే వస్తాను,” అంటూ వాచ్‌మన్ గుడివాడ నాటకశాలకు తాళం వేసి వెళ్లాడు. వేదిక మీద ఒంటరిగా మిగిలిన రాజారత్నం కొత్త బాణీని హార్మోనియం మీద వాయించి చూసుకున్నాడు.

“వన్స్‌మోర్!”

చిట్టచివరి వరుసలోంచి. అతని ప్రాణం లేచొచ్చింది. “ఎవరండీ?” అన్నాడు. మళ్లీ వాయించాడు.

“వన్స్‌మోర్!”

ఈసారి మధ్య వరుసలోంచి. ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు. తలెత్తకుండా మళ్లీ వాయించాడు.

“వన్స్‌మోర్, మాస్టారూ.”

చెవి పక్కనే.

నాలుగోసారి ఆఖరి స్వరం దగ్గర హార్మోనియం మెట్టు మీంచి వేలు తీయలేదు. ఆ స్వరం ఆగితే మళ్లీ ఆ గొంతు వినాలి. ఎడమచేత్తో గాలితిత్తి ఆడిస్తూనే ఉన్నాడు.

ఆ చేతిని మరో చెయ్యి మెల్లగా ఆపింది.