ఏది స్పష్టంగా ఉంది?

అన్నయ్య ఆ మాట అంటాడని చిన్నది అనుకోలేదు.

"కొండే తీసుకో. ఇంక ఆలోచించకు," అన్నాడు, తలెత్తకుండా, కళ్ళజోడు ఫ్రేముకు మర బిగిస్తూ.

కొండ అంటే కొండమీది విశ్వవిద్యాలయం. ఏరు అంటే ఏటి ఒడ్డున ఉన్నది. అసలు పేర్లు బారెడేసి ఉన్నాయి కాబట్టి ఇంట్లో ముగ్గురూ ఇలాగే పిలుస్తున్నారు. రెంటిలో ఏ ఒక్కదానిలో సీటొచ్చినా ఎవరికైనా కాలు నేల మీద ఆనదు. చిన్నదానికి రెండు చోట్లా వచ్చింది, భౌతికశాస్త్రంలో. అదే పరీక్ష రెండోసారి రాసిన అన్నయ్యకు ఎక్కడా సీటు రాలేదు.

ఆ సాయంత్రం ఐదు లోపల ఒకటి ఖాయం చేసుకుని రెండోది వదులుకోవాలి.

వాళ్ళది కళ్ళజోళ్ళ షాపు. నాన్న కళ్ళు పరీక్షిస్తాడు. అన్నయ్య అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. చిన్నదానికి ఏడేళ్ళప్పుడు, గీతలు పడి పక్కన పడేసిన రెండు అద్దాలను అట్టగొట్టంలో బిగించి ఆమె చేతికిచ్చాడు అన్నయ్య. అందులోంచి చంద్రుణ్ణి చూసింది. అప్పటినుంచి ఒకటే పిచ్చి. కొండమీద పెద్ద టెలిస్కోపు ఉంది. మొదటి ఏడాది పిల్లల్ని కూడా దాన్ని తాకనిస్తారట.

మరి సందేహం ఎందుకంటే, నాన్న వల్ల.

నాన్న ఏనాడూ ఇది చెయ్యి, అది చెయ్యకు అనలేదు. కళ్ళు పరీక్షించినట్టే అడుగుతాడు. కుర్చీలో కూర్చోబెట్టి ఒక అద్దం వేస్తాడు. తీసి ఇంకోటి వేస్తాడు. "ఇదా? ఇదా? ఏది స్పష్టంగా ఉంది?" జవాబు మనమే చెప్పామనుకుని సంతోషంగా లేచి వస్తాం.

వారం రోజులుగా అలాగే అడుగుతున్నాడు.

"కొండమీద టెలిస్కోపు ఉంది, నిజమే. ఏటి దగ్గర లేజర్ ల్యాబు ఉంది. మబ్బు పట్టినా పనిచేస్తుంది. ఏది నయం?"

"కొండమీద పేరున్న మాస్టార్లు ఉన్నారు. ఏటి దగ్గర క్లాసుకు ఇరవైమందే. పేరున్న మాస్టారు కావాలా, నీ పేరు తెలిసిన మాస్టారు కావాలా?"

చిన్నది జవాబులు చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఏటి ఒడ్డుకు చేరిపోయింది. ఇంకో అడుగు వేస్తే నీళ్ళే.

అంతలో వారంగా మూతి ముడుచుకుని తిరుగుతున్న అన్నయ్య నోరు విప్పి ఈ మాట అన్నాడు.

"ఎందుకో చెప్పు," అంది చిన్నది.

"చెప్పలేను. నా మాట విను, అంతే."

"నా మంచేదో నాన్నకు తెలీదా?"

"నాన్నకు అన్నీ తెలుసు. నీకే ఏమీ తెలీదు."

చిన్నది విసురుగా లోపలి గదిలోకి వెళ్ళింది. నాన్న మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. సంగతంతా విని నిట్టూర్చాడు.

"పోనీలేమ్మా. వాడి బాధ వాడిది. రెండుసార్లు రాశాడు పాపం. ఏటి దగ్గరైతే నువ్వు వారం వారం ఇంటికొస్తావు. వచ్చినప్పుడల్లా వాడికి గుచ్చుకుంటుంది. కొండంటే ఏడాదికోసారి." అద్దాన్ని వెలుతురుకేసి పట్టి చూశాడు. "నేనన్నానని వాణ్ణేమీ అనకు."

పరాయివాళ్ళు చూసి ఏడిస్తే దిష్టి తీయించుకుని ఊరుకోవచ్చు. ఇది అన్నయ్య. సైకిల్ నేర్పినవాడు, ఆమె తప్పులకు తను తిట్లు తిన్నవాడు. తనను కళ్ళెదుట లేకుండా చేసుకోవాలని చూస్తున్నాడా?

అనకుండా ఎలా ఉంటుంది? బయటికొచ్చి అన్నయ్య ఎదురుగా నిలబడింది.

"నన్ను చూస్తేనే నీకంత కంపరమా?"

అన్నయ్య మొహం పాలిపోయింది. ఆమె భుజం మీదుగా, లోపలి గది తెర దగ్గరకొచ్చి నిలబడ్డ నాన్నవైపు చూశాడు. పెదవి కదిలింది. మాట రాలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు, ఆమెకు పూర్తిగానే అర్థమైంది.

ఐదుకు పది నిమిషాలుండగా ఏరు ఖాయం చేసింది. "కొండ వదులుకుంటున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టింది. 'నిజంగానేనా?' అని కంప్యూటరు ఇంకోసారి అడిగింది. దానికైనా జాలి ఉందనుకుని, కళ్ళు తుడుచుకుని నొక్కింది.

నాన్న ఆమె తల నిమిరాడు.

"బంగారు తల్లి. బాధపడకు, వదిలింది వృథా పోదులే. ఎవరో ఒకరి దశ తిరుగుతుంది."

ఆ రోజునుంచి అన్నయ్యతో మాటల్లేవు. అతను రెండుసార్లు ఆమె గది గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె బీరువా మీది అట్టగొట్టం తీసి అతని చేతిలో కుక్కింది.

"నీ సొమ్ము నువ్వే ఉంచుకో."

అతను నోరు తెరిచేలోపే తలుపు వేసేసింది.

నాలుగో రోజు షాపులో కౌంటరు దగ్గర చిన్నది కూర్చుంది. నాన్న లోపల ఎవరికో కళ్ళు చూస్తున్నాడు. "ఇదా? ఇదా?" అని వినిపిస్తోంది. ఫోన్ మోగింది.

కొండమీది విశ్వవిద్యాలయం ఆఫీసు నుంచి ఎవరో పెద్దాయన. చిన్నదాని ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఆలోచించుకోమంటారేమో! ఈసారి ఎవర్నీ అడగదు.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారామ్మా?"

"నాకు చెప్పండి, ఫర్వాలేదు."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏం లేదమ్మా, భౌతికశాస్త్రంలో ఎవరో అమ్మాయి వదులుకున్న సీటు వెయిటింగ్ లిస్టులో మొదటున్న మీ ఇంటి అబ్బాయికి వచ్చింది, తీసుకుంటామని వాళ్ళ నాన్నగారు రాశారు, ఆ సీటు నాకొద్దు, ఆ అమ్మాయికే తిరిగిచ్చెయ్యండని అబ్బాయి మూడుసార్లు రాశాడు, ఇంతకీ ఎవరి మాట పట్టుకోమంటారు?"