రెండు పుట్టుమచ్చలు

పదో తరగతి పరీక్ష దరఖాస్తులో గుర్తు కోసం రెండు పుట్టుమచ్చలు రాయాలన్న నియమాన్ని ఇంకా ఎవరూ తీసేయలేదు. అందుకని హైమవతి టీచరు ఏటా లాగే పిల్లల్ని వరసలో నిలబెట్టి చేతులూ మెడలూ వెతికింది. ఉప్పూ ఐసూ పందెం, స్ప్రే పందెం, సెగ పందెం... ఒళ్లు కాల్చుకుని వీడియో పెట్టే పందెం వారానికొకటి ఫోన్లలో పుట్టేది. ఒళ్లు కాలిన చోటల్లా ఆసుపత్రిలో అతుకుచర్మం వేసి పంపేవారు. ఆ నున్నటి చర్మానికి మచ్చా ఉండదు, స్పర్శా ఉండదు.

"మోచేతి మీద అతుకు, చెంప మీద అతుకు," అని రాసుకుంటూ పోయింది. మొదటి ఏడాది ఒక్కో అతుకు దగ్గరా ఆగి, ఎలా కాలిందని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది.

వరసలో చివరిది, కొత్తగా చేరిన శాంభవి. మెడ మీద నిజంగానే పుట్టుమచ్చ ఉంది. టీచరు నమ్మలేక పెన్ను మొనతో తాకి చూసింది.

"అబ్బా!" అని ఆ పిల్ల ఉలిక్కిపడింది.

గదంతా ఇటు తిరిగింది. ఒక్కొక్క ఫోనూ పైకి లేచింది.

"దానికి తెలుస్తోందిరా!" అన్నాడు ముందు బెంచీ కుర్రాడు. "మేడమ్, ఇంకోసారి గుచ్చరూ, ప్లీజ్!"

హైమవతి శాంభవి జడను మచ్చ మీదికి లాగి, దరఖాస్తులో "మెడ మీద అతుకు" అని రాసింది.