బ్రూనోని చూసొచ్చారు

బ్రూనో ఎవడో తేల్చుకుందామని శాంతిరాజు ఆఫీసుకి సెలవు పెట్టి, భార్య కృపామణిని కారెక్కించుకుని జర్మనీలో తాముండే ఎష్‌బోర్న్ నుంచి బయల్దేరాడు.

వాళ్ళమ్మాయి ఈవా జీగెన్ యూనివర్సిటీలో బయాలజీ చదువుతోంది. ఈ వేసవికి ప్రాక్టికుమ్, అంటే చదువులో భాగంగా చేసే పని శిక్షణ అని చెప్పి, బెర్లిన్‌కి ఉత్తరాన ఎక్కడో అడవిలో చేరింది. సర్కస్‌ల నుంచి విడిపించిన ఎలుగుబంట్లని అక్కడ కంచె వేసి పెంచుతారు. జనం చెక్క మంచె ఎక్కి వాటిని చూస్తారు. వచ్చినవాళ్ళకి వాటి కథలు చెప్పడం ఈవా పని. ఊరికి చాలా దూరం. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఫోన్ సిగ్నల్ కావాలన్నా మంచె ఎక్కాల్సిందే.

పోయిన వారం ఇంటికొచ్చినప్పుడు ఈవా తన స్నేహితురాలు గీతికతో ఫోన్లో మాట్లాడింది. ఆ మాటలు కృపామణి చెవిన పడ్డాయి.

"బ్రూనో నిన్న నా చేత్తో పెడితే తిన్నాడే! ఊరికే గుర్రుమంటాడు గానీ మనసు వెన్న. పొద్దున్నే లేపడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఆ భుజాలు చూస్తే భయపడతావు తెలుసా! వాణ్ణి వదిలేసి మళ్ళీ జీగెన్ ఎలా వెళ్తానో ఏమో..."

అప్పట్నుంచి కృపామణికి ముద్ద దిగలేదు. శాంతిరాజు పరిస్థితి ఇంకా ఘోరం. ఆదివారం ప్రార్థనలకి కలిసే తెలుగు ఫెలోషిప్‌లో పిల్లల పెంపకం గురించి మాట్లాడమంటే, "మా ఈవా మా దగ్గర ఏదీ దాచదు" అని మైకు పట్టుకుని మరీ చెప్పిన మనిషి.

"వాడెలాంటివాడైనా నువ్వు ఏడవకూడదు మణీ," అన్నాడు కారు నడుపుతూ.

"మీరు అరవకూడదు."

"నేనెందుకు అరుస్తాను?" అని అరిచాడు.

గేటు దగ్గర తల నెరిసిన జర్మన్ ఆవిడ ఒకరు నవ్వుతూ ఎదురొచ్చింది. ఈవా అమ్మానాన్నలని తెలిసి తెగ సంబరపడిపోయింది. శాంతిరాజు తన ఆఫీసు జర్మన్‌లో సూటిగా అడిగాడు, బ్రూనో ఎక్కడ అని.

"బ్రూనోనా? మంచె దగ్గర ఉంటాడు. ఆకలేస్తే తనే వస్తాడు. కొత్తవాళ్ళంటే కాస్త సిగ్గు."

"అందరికీ తెలుసన్నమాట!" కృపామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంతలో బురద బూట్లతో ఈవా పరిగెత్తుకుంటూ వచ్చింది. వీళ్ళని చూసి టక్కున ఆగిపోయింది.

"డాడీ! మమ్మీ! ఏంటి, చెప్పకుండా వచ్చేశారు?"

"బ్రూనో ఎవడు?"

ఈవా బుగ్గలు ఎర్రబడ్డాయి. "మీకెలా..."

"ఎలాగోలా తెలిసిందిలే. ఎవడు వాడు?"

ఈవా బూట్లకంటిన బురద గడ్డికి రాసుకుంది. తర్వాత తలెత్తింది.

"సరే. రండి, చూపిస్తాను. కానీ డాడీ, అక్కడ అరవకూడదు. బెదిరిపోతాడు."

"అరవను."

"మీరనుకుంటున్నంత చెడ్డవాడేం కాదు. ఒక్కసారి చూస్తే మీకే నచ్చుతాడు."

పార్కింగ్ దాటగానే మంచె. మెట్లెక్కేసరికి శాంతిరాజుకి ఆయాసమొచ్చింది. పైన ఎవరూ లేరు. బల్ల మీద ఒక సుత్తి, సగం కొరికిన ఆపిల్ ఉన్నాయి.

"ఏడీ?"

"ఇందాక ఇక్కడే ఉన్నాడు..." ఈవా మెడ చాచి అటూ ఇటూ చూసింది.

అప్పుడే కంచె అవతల పొదలు కదిలాయి. ఇంత లావు ఎలుగుబంటి ఒకటి ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చింది. పైన్ చెట్టుకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని హాయిగా గోక్కుంది. గోక్కుని గోక్కుని నీటిగుంటలో ధబ్బున కూలబడింది.

శాంతిరాజు దాన్ని చూశాడు. కూతుర్ని చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు.

"ఓరి దేవుడా! ఇదా? ఇదా మీ బ్రూనో?"

"డాడీ, అదీ..."

మిగతా మాట ఎవరికీ వినపడలేదు. శాంతిరాజు అప్పటికే పొట్ట పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"మణీ! భుజాలట! చూడవే ఆ భుజాలు!"

"పొద్దున్నే లేవడట!" కృపామణికి నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి. "మనసు వెన్నటండీ!"

"ఈ దేశంలో ఎలుగుబంటికి మరి బ్రూనో అని కాక సుబ్బారావని పెడతారా! మనకి బుద్ధుండొద్దూ!"

ఈవా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెదవి కొరుక్కుంది. ముందు చిన్నగా కిసుక్కుమంది. తర్వాత ఆపుకోలేక తండ్రి భుజం మీద వాలి పడీపడీ నవ్వింది.

ఆ పూటంతా పండగే. ఎలుగుబంటితో కలిపి సెల్ఫీలు తీసుకున్నారు. శాంతిరాజు కంచె వైపు వంగి, "బ్రూనో! ఒరేయ్ బ్రూనో బాబూ! ఇలా రారా!" అని గొంతు పోయేదాకా పిలిచాడు. ఎలుగుబంటి చెవి కూడా కదపలేదు.

"కొత్తవాళ్ళంటే సిగ్గట కదా," అని తనే సర్దిచెప్పుకున్నాడు.

వెళ్ళేముందు కృపామణి కూతురి చేతిలో కాజాల డబ్బా పెట్టింది. "వాడికీ ఒకటి పెట్టవే పాపం."

"పెడతాను మమ్మీ. ఇష్టంగా తింటాడు."

శాంతిరాజు కారు అద్దం దించి, "ఆదివారం ఫెలోషిప్‌లో చెప్తా చూడు, మా అమ్మాయి మనసు దోచుకున్నవాడికి నాలుగు కాళ్ళని!" అని హారన్ మోగించాడు. అడవి దారి పొడుగునా మొగుడూ పెళ్ళాల నవ్వు వినపడుతూనే ఉంది. ఈవా మళ్ళీ మంచె ఎక్కి, కారు కనిపించినంతసేపూ చెయ్యి ఊపింది.

కారు చెట్ల మలుపు తిరగ్గానే మంచె కిందినుంచి చొక్కాకంటిన గడ్డి దులుపుకుంటూ బయటికొచ్చిన పొడుగాటి కుర్రాడు, "మీ నాన్న అన్నిసార్లు పేరు పెట్టి పిలిచారు, నేను పలకాల్సిందా ఈవా?" అని అడిగాడు.