గుమ్మంలో గార్డు

అప్పటికి లక్ష్మీపతి చేతిలో ఉన్నవి రెండు ఎలుగుబంటి బొచ్చు టోపీలు, రెండు నీలం కోట్లు, ఒక పాత వ్యాను, ఒక చెడ్డపేరు.

న్యూజెర్సీలో తెలుగు పెళ్ళిళ్ళకు 'రాయల్ ఎంట్రీ' అమర్చడం అతని వ్యాపారం. పెళ్ళికొడుకు వచ్చే గుమ్మానికి చెరోవైపు ఇద్దరు మనుషులు, నెపోలియన్ కాలపు ఫ్రెంచి గార్డుల వేషంలో, బొమ్మల్లా నిలబడాలి.

కిందటి పెళ్ళిలో ఒక గార్డు ఫోన్ చూసుకుంటూ ఫొటోలో పడ్డాడు. ఆ ఫొటో తిరగని వాట్సాప్ గ్రూపు లేదు. ఆ తర్వాత ఒక్క బుకింగూ రాలేదు.

ఇప్పుడు సూర్యప్రకాశరావు కూతురి పెళ్ళి. ఎడిసన్ దగ్గర తోటలో, నడి జూలైలో.

"ఫొటోలో మీవాడు తుమ్మినా మీ దుకాణం సర్దేసుకోవాల్సిందే," అన్నాడాయన. "కదలకుండా నిలబడ్డారా, మా తమ్ముళ్ళ ఇళ్ళలో మూడు పెళ్ళిళ్ళున్నాయి. మూడూ మీవే."

కదలని మనిషి కావాలి. లక్ష్మీపతి దగ్గర పనిచేసే రేణు ఒకాయన్ని వెతికి తెచ్చింది. ఐసెలిన్‌లో ఒక కిరాణా దుకాణం వెనక అట్టపెట్టెలు మడతపెట్టే సత్తిరాజు. అరవై ఎనిమిదేళ్ళు.

"ఏ ఊరు బాబాయ్?"

"కాకినాడ దగ్గరండి."

"ఇక్కడెవరున్నారు?"

"కూతురుండేదండి. పోయింది. నేను ఉండిపోయాను."

"నిలబడగలవా?"

"నిలబడ్డం వచ్చండి."

లక్ష్మీపతి నవ్వాడు. "అది అందరికీ వచ్చు బాబాయ్! మూడేళ్ళ పిల్లలకీ వచ్చు."

పెళ్ళిరోజు పొద్దున ముసలాయన టోపీ పెట్టుకుని, అద్దం చూడకుండానే కనుబొమల మీదికి సర్దుకున్నాడు.

"ఇది నెపోలియన్ సొంత గార్డులదండి. అంతకుముందు పారిస్‌లో ఫ్రెంచి రాజుగారి గుమ్మంలో ఎర్రకోట్ల స్విస్ వాళ్ళుండేవారు. జనం మీదపడే రోజున రాజు పెళ్ళాం పిల్లల్ని తీసుకుని తోట దారిన వెళ్ళిపోయాడు. 'ఇక చాలు' అన్న కబురు వీళ్ళకి ఆలస్యంగా అందింది. ఆరొందలమంది పోయారండి."

"ఖాళీ ఇంటికి కాపలా కాసి చచ్చారా?"

"అవునండి. అంతకు మూడేళ్ళ ముందు ఇంకో పటాలం ఉండేది, ఫ్రెంచి గార్డులని. వాళ్ళు మాత్రం తుపాకులతో సహా జనంలో కలిసిపోయారు."

"వాళ్ళు తెలివైనవాళ్ళు."

"తెలివైనవాళ్ళేనండి."

"యూట్యూబ్ గట్టిగానే చూస్తావే!" అంటూ లక్ష్మీపతి ఆయన్ని గుమ్మానికి కుడివైపు నిలబెట్టాడు. ఎడమవైపు వ్యాను డ్రైవర్.

"నేనొచ్చి చెప్పేదాకా కదలొద్దు. దేవుడు దిగొచ్చినా సరే."

"అలాగేనండి."

అప్పుడు పదకొండు.

డప్పులొచ్చాయి. గుర్రం వచ్చింది. పెళ్ళికొడుకు వచ్చాడు. నెత్తి మీద డ్రోన్ గిరగిరా తిరిగింది.

"మమ్మీ, ఈ అంకుల్ రియలా, స్టాట్యూనా?" అంటూ ఒక పిల్లాడు కోటు పట్టి లాగాడు.

ముసలాయన రెప్ప వెయ్యలేదు.

ఒంటిగంటకు అందరూ ఏసీ హాల్లో భోజనాలకు కూర్చున్నారు. బయట తొంభై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. డ్రైవర్ టోపీ తీసి చంకన పెట్టుకుని, ఎవరినీ అడగకుండా వ్యానెక్కి ఏసీ వేసుకున్నాడు.

రేణు నీళ్ళసీసా పట్టుకొచ్చింది.

"సత్తిరాజు గారూ, ఇక్కడ ఎవరూ లేరు. లోపలికి రండి."

ఆయన పెదవులు మాత్రమే కదిలాయి. "నిలబెట్టింది బాబుగారమ్మా. దింపాల్సిందీ ఆయనే."

"కనీసం నీళ్ళు తాగండి."

"డ్యూటీలో తాగకూడదమ్మా. వస్తార్లే."

రేణు లోపలికి పరుగెత్తింది. లక్ష్మీపతి సూర్యప్రకాశరావు తమ్ముళ్ళ మధ్య కూర్చుని ముహూర్తాలు రాసుకుంటున్నాడు.

"సార్, పెద్దాయన ఎండలోనే ఉన్నారు. మీరు చెప్తే గానీ రానంటున్నారు."

"టూ మినిట్స్ రేణూ. నేను చూసుకుంటా. నువ్వెళ్ళి కేక్ టేబుల్ సంగతి చూడు."

ఒక పెళ్ళి ఖాయమైంది. ఐస్‌క్రీమ్ వచ్చింది. రెండోది ఖాయమైంది. మూడోది మాట్లాడేసరికి మూడున్నర.

లక్ష్మీపతి తమ్ముళ్ళను వెంటబెట్టుకుని బయటికొచ్చాడు. ముసలాయన పెట్టినచోటే ఉన్నాడు, నిటారుగా. మొహం మీద చెమట లేదు.

"చూశారా సార్? ఇదీ మా సరుకు!"

తమ్ముళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఇక చాల్లే బాబాయ్, దిగు."

సత్తిరాజు చెయ్యెత్తి సెల్యూట్ చేశాడు. చెయ్యి దించి, అలాగే ముందుకు పడిపోయాడు.

సాయంత్రం ఆసుపత్రిలో డాక్టర్ తల అడ్డంగా ఊపాడు.

"ఇంత అమాయకుడేంటి!" అన్నాడు లక్ష్మీపతి. "నీడకు పోవడానికి కూడా ఒకరు చెప్పాలా?"

"మీరు చెప్తారనుకున్నారు సార్," అంది రేణు.

ఆయన అద్దెకున్న బేస్‌మెంట్ గదిలో నా అన్నవాళ్ళ అడ్రస్ ఒక్కటీ దొరకలేదు. ఫ్రెంచి పాస్‌పోర్టు దొరికింది. రేణు కాన్సులేట్‌కి ఫోన్ చేసింది.

మూడోరోజు అంత్యక్రియలకు కాన్సులేట్ నుంచి ఒక అధికారి మడతపెట్టిన జెండాతో వచ్చాడు. పెట్టె ముందు చాలాసేపు అటెన్షన్‌లో నిలబడ్డాడు. యానాంలో పుట్టిన ఫ్రెంచి పౌరుడని, పారిస్‌లో అధ్యక్షుడి భవనానికి కాపలా కాసే రిపబ్లికన్ గార్డులో పనిచేశాడని చెప్పాడు.

"అక్కడా గుమ్మంలోనే నిలబడేవాడా?" అని అడిగాడు లక్ష్మీపతి.

"మొదట్లో," అన్నాడు అధికారి. ఆ తర్వాత సత్తిరాజు చేసిన ఉద్యోగమేమిటో చెప్పాడు.

లెక్క తీస్తే, ఆ వేసవిలో లక్ష్మీపతికి దక్కినవి మూడు పెళ్ళిళ్ళు, ఒక్కరోజు కొలువుకొచ్చిన ఒక సార్జెంటు: వాచీ చేతపట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి, గంట కాగానే కాపలా మనిషిని దింపి ఇంకొకణ్ణి నిలబెట్టడమే పనిగా, పంతొమ్మిదేళ్ళలో ఏ ఒక్కణ్ణీ ఎండలో ఒక్క నిమిషం ఎక్కువ ఉంచనివాడు.