మూడోసారి తుడిచిన మాట

తల్లి ఆ మాటని మూడోసారి తుడిచేసింది.

నల్లరాయి మీద తెల్ల పెన్సిలుతో రాసిన మిగతా వరసలన్నీ అలాగే ఉన్నాయి. పోయిన నెల చనిపోయిన మనిషి పేరు ఉంది. 'మాజీ సైనికుడు' ఉంది. 'కుటుంబం కోసం బతికినవాడు' ఉంది. కింద 'ఇద్దరు పిల్లల తండ్రి' అన్నచోట చివరి మాట పోయి, తడి మరక మిగిలింది.

"అమ్మా, ఆ గుడ్డ ఇటివ్వండి," అన్నాడు రాళ్లు చెక్కే మేస్త్రీ. "నా షెడ్డుకి ఏడుస్తూ వచ్చేవాళ్లనే చూశాను. పోట్లాడుకుంటూ వచ్చింది మీరే. ఉలి పడ్డాక తుడిస్తే పోదు. ముందే తేల్చుకోండి."

"తేలిపోయింది. ఆ మాట వద్దు."

కూతురు గొంతు లేచింది. "మరేం రాయించమంటావ్? ఇద్దరు పిల్లల వాచ్‌మన్ అనా?"

"వరండాలో ఉండేవాడు అని రాయించు. అబద్ధమేం కాదుగా."

అబద్ధం కాదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ మనిషి వాళ్ల వరండాలోనే ఉన్నాడు. యుద్ధంలో పోయిన పిల్లల తండ్రి పెట్టె అప్పగించడానికి వచ్చిన తోటి సైనికుడు. అప్పుడు కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి ఏడాదిన్నర. మూడు నెలలకి సైన్యం వదిలేసి మళ్లీ వచ్చాడు. బడి గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. పొద్దున చూసిన హెడ్మాస్టరునైనా సాయంత్రం మూడుసార్లు పేరడిగితే గానీ గేటు తీసేవాడు కాదు. పిల్లలంతా విరగబడి నవ్వేవాళ్లు. కూతురికి జడలు వేసింది ఆయనే. కొడుక్కి టైఫాయిడ్ వస్తే పదకొండు రోజులు ఆస్పత్రి బల్ల దిగలేదు. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

తల్లి మాత్రం ఆయన్ని ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. లోపలికి రమ్మనలేదు. కంచం గుమ్మం దగ్గర పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేసేది.

"కుక్కకి పెట్టినట్టు పెట్టావు," అన్నాడు కొడుకు. "చివరిరోజు కూడా ఆ మెట్టు మీదే తిన్నాడు."

"పెట్టానుగా. కడుపు మాడ్చలేదుగా."

"నాన్నా అని పిలిచినందుకు నా చెంప పగలగొట్టావు," అంది కూతురు. "ఐదేళ్లు నాకప్పుడు. ఆయన నీ వైపే మాట్లాడాడు తెలుసా? 'అమ్మ చెప్పిందే నిజం తల్లీ, బాబాయ్ అను, చాలు' అన్నాడు."

"మీకు నాన్న ఒక్కడే. గోడ మీద ఫొటోలో ఉన్నాడు."

"ఆ ఫొటో నన్ను బడికి తీసుకెళ్లిందా?"

తల్లి చేతిలో గుడ్డ నలిగింది. నీళ్లు బొట్టు బొట్టుగా కారాయి.

"నీ కడుపుమంట ఏంటో నాకు తెలీదనుకోకు." కూతురు ఇక ఆగలేదు. "నీ మొగుడు శత్రువు తూటాకి పోయాడు. పక్కనున్న ఈయన బతికొచ్చాడు. అదేగా ఆయన చేసిన నేరం? బతికి రావడమేగా?"

మేస్త్రీ గబుక్కున వెళ్లి పాలిష్ మిషను ఆపేశాడు.

కొడుకు తల్లి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఆఖరిసారి చెప్తున్నా. ఆ మాట లేకపోతే ఈ రాయి నిలబెట్టే రోజు మేం రాం. ఆ తర్వాత నీ గుమ్మం కూడా తొక్కం. నీకు ఫొటో ఉందిగా, దాంతోనే కాపురం చెయ్యి."

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పెన్సిలు ఇలా తే," అంది మేస్త్రీతో.

అరచేత్తో తడి తుడిచింది. వంగి, తనే రాసింది. 'తండ్రి'. అక్షరాలు వంకరగా వచ్చాయి.

"దిద్దకు. ఇలాగే చెక్కు."

"ఇంతేగా!" అంది కూతురు, కోపం చల్లారకుండానే. "ఈ ఒక్క ముక్కకి ఇన్నేళ్లు అంత విషం ఎందుకు కక్కావమ్మా?"

తల్లి తడిగుడ్డ మేస్త్రీ చేతిలో పెట్టి బయటికి నడిచింది.

మొట్టమొదటి రోజే ఆ మనిషి తన ముందు తలవంచుకుని ఒప్పుకున్న సంగతి ఆవిడ ఆవేళ కూడా పిల్లలకి చెప్పలేదు, పొగమంచులో శత్రువు అనుకుని ఆవిడ భర్త మీద తుపాకీ పేల్చింది తానేనని.